రాళ్ళ నేలకూ చరిత్ర ఉందని చెప్పిన దొకుచాయెవ్

భూమి కోసం జరిగిన పోరాటాల గురించి ఈ శీర్షికలో చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ భూమి ఎలా పుట్టిందో, దాని కడుపులో ఏముందో చెప్పిన మనిషి గురించి ఈసారి చెప్పుకుందాం. ఆయన పేరు వసీలీ వసీలియెవిచ్ దొకుచాయెవ్. రష్యా దేశస్థుడు. నేలల శాస్త్రానికి పునాది వేసినవాడు. నల్లనేల మీద ఆయన చేసిన పని అందరికీ తెలుసు. చివరి రోజుల్లో ఆయన కాకసస్ కొండలెక్కి, వానలు తక్కువైన కొండ వాలు నేలల మీద చేసిన పని గురించి మాత్రం మన దగ్గర తక్కువ మందికి తెలుసు. రాళ్ళగుట్టల మీద పట్టాలు అందుకున్న మన పేదలకు ఆ పని తెలియడం చాలా అవసరం.

దొకుచాయెవ్ 1846లో స్మొలెన్‌స్క్ రాష్ట్రంలో మిల్యుకొవో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఊరి చర్చిలో పూజారి. అప్పటికి రష్యాలో కమతపు బానిసత్వం ఇంకా పోలేదు. భూమితోపాటు ఆ భూమిని దున్నే మనుషులు కూడా దొరల ఆస్తి కిందే లెక్క. 1861లో జార్ ప్రభుత్వం ఆ బానిసత్వాన్ని రద్దు చేసింది. అప్పటికి మన పూజారి కొడుకుకి పదిహేనేళ్ళు. రద్దయిందన్న మాటే గానీ రైతు చేతికి ఉచితంగా వచ్చిందేమీ లేదు. తాతల నాటి నుంచి తామే దున్నుతున్న భూమికి ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టమన్నారు. చాలా చోట్ల మంచి భూమిలో ముక్కలు కోసి దొరలే ఉంచుకున్నారు. ఏ భూమి మంచిది, ఏది చెడ్డది, దేనికి ఎంత విలువ అన్న తగాదా అప్పటి నుంచి రష్యా పల్లెల్లో రగులుతూనే ఉంది. దొకుచాయెవ్ శాస్త్రం పుట్టింది ఆ తగాదాల మధ్యనే.

ఇంటి ఆచారం ప్రకారం ఆయన్నీ మత పాఠశాలలోనే వేశారు. 1867లో పై చదువుకని పీటర్స్‌బర్గ్ మత విద్యాలయంలో చేరాడు. కొద్ది వారాలకే దాన్ని వదిలి విశ్వవిద్యాలయానికి వెళ్ళి ప్రకృతి శాస్త్రాలు పట్టుకున్నాడు. 1871లో చదువు ముగించాడు. మొదటి పరిశోధనకు ఎక్కడికో పోలేదు. సొంత ఊరి పక్కన పారే కాచ్నా అనే చిన్న ఏటి ఒడ్డున మట్టి పొరలు చూశాడు. మరుసటి ఏడు విశ్వవిద్యాలయంలోని భూగర్భశాస్త్ర వస్తువుల గదికి సంరక్షకుడిగా చిన్న ఉద్యోగం దొరికింది.

గుంట తవ్వి చూడు

1873లోనూ 1875లోనూ రష్యా గోధుమ మాగాణాల మీద కరువు పడింది. దేశానికి అన్నం పెట్టే నల్లనేల ఎందుకు ఎండిపోతోందో తేల్చమని 1877లో అక్కడి స్వేచ్ఛా ఆర్థిక సంఘం దొకుచాయెవ్‌కి పని అప్పగించింది. రెండు వేసవులు ఆయన బండి మీదా, కాలినడకనా వేల మైళ్ళు తిరిగాడు. ఎక్కడ ఆగితే అక్కడ గుంట తవ్వించి దాని గోడను పై నుంచి కింది దాకా చదివేవాడు. పైన వేర్లతో నిండిన నల్లటి పొర, దాని కింద రంగు మారిన నడిమి పొర, అడుగున ఇంకా మట్టి కాని తల్లిరాయి. ఈ మూడు పొరల లెక్కను ఈనాటికీ ప్రపంచమంతా వాడుతోంది.

అంతకుముందు నేల గురించి పండితులకు రెండు రకాల అభిప్రాయాలుండేవి. నేలంటే రాయి పొడి అని కొందరు భూగర్భ శాస్త్రజ్ఞులు అనుకునేవారు. పైరుకు కావలసిన లవణాలు నిల్వ ఉన్న గాదె అని రసాయన శాస్త్రజ్ఞులు అనుకునేవారు. దొకుచాయెవ్ ఈ రెండింటినీ ఒప్పుకోలేదు. నేల దానంతట అదే ఒక ప్రత్యేకమైన ప్రకృతి వస్తువని 1883లో అచ్చయిన తన నల్లనేల గ్రంథంలో నిరూపించాడు. అది పుట్టడానికి అయిదు కారణాలు చెప్పాడు. ఒకటి, అడుగునున్న తల్లిరాయి. రెండు, అక్కడి వాన, ఎండ, చలి. మూడు, దాని మీద పెరిగే గడ్డీ చెట్లూ, లోపల బతికే జీవాలూ. నాలుగు, ఆ చోటు ఎత్తుపల్లాలు. అయిదు, గడిచిన కాలం. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి మారినా నేల మారుతుంది.

పల్లె మనుషులకు ఇందులో చాలా భాగం అనుభవం మీద తెలిసిందే. గుట్ట మీద మన్ను ఒక తీరు, దాని కింద చెరువు శిఖంలో మన్ను ఇంకో తీరు అని మన పాలేరు పిల్లవాడు కూడా చెబుతాడు. ఆ అనుభవానికి కారణాలు వెతికి, దాన్ని కొలిచి, పటం మీదకు ఎక్కించడం దొకుచాయెవ్ చేసిన పని. రైతులు వాడే పేర్లను ఆయన తీసి పారెయ్యలేదు. చెర్నోజెమ్ అంటే రష్యా రైతు నోట్లో నల్ల మన్ను. ఆ పేరునే శాస్త్రంలో నిలబెట్టాడు. మన మాటకీ అలాంటి గౌరవమే దక్కింది. నల్లనేలను ఇంగ్లీషు పుస్తకాల్లో రేగర్ అని రాస్తారు. అది మన రేగడి నుంచి పోయిన మాటే.

శిస్తు లెక్కలో శాస్త్రం

1882లో నీజ్నీ నొవ్‌గొరోద్ రాష్ట్రపు స్థానిక పాలక సంస్థ ఆయన్ని పిలిచింది. భూములకు విలువ కట్టి దాని మీద పన్ను వెయ్యాలి, అది న్యాయంగా ఉండాలి, దారి చూపమన్నారు. అప్పటి దాకా విలువ కట్టే పద్ధతి ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పలుకుబడి ఉన్నవాడు తన భూమి నాసిరకం అని రాయించుకుంటాడు. నోరులేనివాడి చెలక మొదటి రకమై కూర్చుంటుంది.

దొకుచాయెవ్ ముందు భూమి సంగతి భూమినే అడగాలన్నాడు. శిష్యులను వెంటబెట్టుకుని ఒక్కో తాలూకాలో నేలలన్నీ తవ్వి చూసి, మట్టి తెచ్చి పరీక్షించి, రకాలు కట్టి, ఒక్కో రకానికి ఇన్ని మార్కులని వేశాడు. ధరలూ, కూలి రేట్లూ, రోడ్లూ, సంతలూ తరువాతి లెక్క. ఈ పని 1886 దాకా సాగింది. 14 సంపుటాలుగా అచ్చయింది. తరువాత 1888లో పొల్తావా రాష్ట్రంలో ఇదే పద్ధతిలో మరో సర్వే మొదలైంది. సిబిర్త్సెవ్, లెవిన్సన్-లెస్సింగ్, వెర్నాద్‌స్కీ లాంటి శిష్యులు ఈ పనుల్లోనే తయారయ్యారు. వీరిలో లెవిన్సన్-లెస్సింగ్ ముందుముందు అగ్నిపర్వతపు రాళ్ళ పరిశోధకుడిగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

నేలకు మార్కులు వేసే పని పైకి అధికారుల కాగితాల పనిలా కనిపిస్తుంది. నిజానికి ఎవరు ఎంత కట్టాలి, ఎవరికి ఎంత మిగలాలి అనే సంగతి అక్కడే తేలుతుంది. మన దగ్గర తెల్లదొరల నాటి సెటిల్మెంటులో నేలకు తరం కట్టడం అంటే ఇదే. తరం మారితే శిస్తు మారేది, శిస్తు మారితే బతుకు మారేది.

కరువు నేర్పిన పాఠం

1891లో రష్యాలో ఘోరమైన కరువొచ్చింది. వోల్గా నది పరిసరాల్లో, నల్లనేల రాష్ట్రాల్లో పంట మాడిపోయింది. జార్ ప్రభుత్వం ధాన్యం ఎగుమతులను ఆలస్యంగా గాని ఆపలేదు. ఆకలికీ, దాని వెంట వచ్చిన రోగాలకీ లక్షల మంది పోయారు. దొకుచాయెవ్ మరుసటి ఏడే స్టెప్పీ మైదానాల గతం, వర్తమానం గురించి ఒక పుస్తకం రాశాడు. అమ్మితే వచ్చిన డబ్బును కరువు బాధితులకిచ్చాడు. వాన తగ్గడం ఒక్కటే కారణం కాదన్నాడు. గడ్డి బయళ్ళను అంచుల దాకా దున్నేశారు, అడవులు నరికేశారు, వాన నీళ్ళు నిలవకుండా వాగుల పాలవుతున్నాయి, వాగులు కోసుకుపోయి పొలాలు గండ్లవుతున్నాయి అని లెక్కలతో చూపించాడు. చెట్ల వరసలు, చెరువులు, దున్నకంలో హద్దు, వాగులకు అడ్డుకట్టలు అని మార్గాలు చెప్పాడు.

వొరోనెజ్ రాష్ట్రంలో కామెన్నయా స్టెప్పీ అనే చోట ఆ మార్గాలను చేసి కూడా చూపించాడు. ఆ పేరుకు రాతి మైదానం అని అర్థం. 1892 నుంచి అక్కడ చెట్ల వరసలు వేయించి, చెరువులు తవ్వించాడు. ఆ చెట్ల వరసలు, ఆ చోట వెలిసిన పరిశోధనా కేంద్రం చాలా కాలం నిలిచాయి. సోవియట్ ప్రభుత్వం 1948లో చేపట్టిన పెద్ద చెట్ల వరసల పథకానికి ఈ పనే నమూనా అయింది. 1953 తరువాత ఆ పథకాన్ని మధ్యలో వదిలేశారు.

అదే రోజుల్లో ఆయన నొవొ-అలెగ్జాండ్రియా వ్యవసాయ విద్యాలయానికి అధిపతిగా వెళ్ళాడు. ఈనాడు అది పోలెండులో ఉన్న పులావీ ఊరు. 1894లో అక్కడ నేలల శాస్త్రానికంటూ ప్రత్యేక శాఖ ఏర్పడింది. దాన్ని శిష్యుడు సిబిర్త్సెవ్ చేతిలో పెట్టాడు. రాత్రింబగళ్ళు చేసిన చాకిరీతో, పైవాళ్ళతో పడిన పేచీలతో దొకుచాయెవ్ ఆరోగ్యం పాడైంది. 1895లో నరాల జబ్బు మంచాన పడేసింది. 1897లో భార్య అన్నా కేన్సర్‌తో చనిపోయింది. ఇంతటితో ఆయన పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు.

కొండ ఎక్కితే ఉత్తరానికి పోయినట్టే

కాస్త తేరుకోగానే ఆయన మళ్ళీ బయలుదేరాడు. 1898 నుంచి 1900 దాకా కాకసస్ ప్రాంతంలో తిరిగాడు. ఈనాటి జార్జియా, ఆర్మీనియా, అజర్‌బైజాన్‌లు అక్కడే ఉన్నాయి. ఆ తిరుగుడులో ఒక ప్రశ్న ఉంది. రష్యా మైదానంలో ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంటే నేలలు పట్టీలు పట్టీలుగా మారతాయని ఆయన అంతకుముందే చూపించాడు. మంచు నేలలు, అడవుల బూడిద రంగు నేలలు, నల్లనేలలు, గోధుమ రంగు మెట్ట నేలలు, చివరికి ఎడారి నేలలు. వానా ఎండా మారడం వల్లే నేల మారుతున్నదైతే, కొండ ఎక్కేటప్పుడు కూడా నేల అలాగే పట్టీలుగా మారాలి గదా? ఎందుకంటే వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది, వాన పెరుగుతుంది. ఆయన ముందుగా వేసిన అంచనాకూ, కాకసస్‌లో కంటికి కనిపించినదానికీ పొత్తు కుదిరింది. 1899లో ఈ నిలువు పట్టీల సిద్ధాంతాన్ని అచ్చు వేశాడు.

ఈ సిద్ధాంతం బాగా అర్థం కావాలంటే ఆర్మీనియాలోని అరగాత్స్ కొండను చూడాలి. అది చల్లారిన అగ్నిపర్వతం, ఎత్తు 4,090 మీటర్లు. దక్షిణాన మైదానానికి అవతల 5,137 మీటర్ల అరారత్ నిలబడి ఉంటుంది, అదీ అగ్నిపర్వతమే. ఈ రెంటి నడుమనున్న మైదానంలో ఏడాదికి పడే వాన 300 మిల్లీమీటర్లు దాటడం కష్టం. మన అనంతపురంలో పడే వానలో అది దాదాపు సగం. అరగాత్స్ కొండంతా పరుచుకున్నది చల్లారిన లావా, దాని బూడిద గట్టిపడిన మెత్తటి రాయి. తల్లిరాయి ఇంచుమించు ఒక్కటే. నేలలు మాత్రం ఒక్కటి కావు.

కొండ అడుగున రాళ్ళ మధ్య మాచిపత్రి జాతి పొదలు తప్ప మరేమీ మొలవవు. అక్కడి మన్ను లేత గోధుమ రంగు, పలచన, సున్నం ఎక్కువ. కొంత ఎక్కితే గుబురు గడ్డి కనిపిస్తుంది, మన్ను ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంకా పైకి పోతే గడ్డి దట్టమవుతుంది, మన్ను నల్లబడుతుంది, అది కొండ మీది చెర్నోజెమ్. అన్నిటికన్నా పైన చలి పచ్చిక బయళ్ళు. తల్లి ఒకతే అయినా పిల్లలు నాలుగు తీర్లు. తల్లిరాయి ఒక్కదాన్ని బట్టి నేలకు పేరు పెట్టెయ్యకూడదన్న దొకుచాయెవ్ మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రాళ్ళ నేల గుట్టు

వానలు తక్కువైన కొండల మీద, లావా రాళ్ళ నడుమ ఉండే నేల గుణాలేమిటో దొకుచాయెవ్ చెప్పిన అయిదు కారణాలతోనే విడదీసి చూద్దాం. తరువాతి తరాల శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతులనూ కలిపి చెప్పుకుందాం.

మొదట తల్లిరాయి. నల్లటి లావా రాయిలో సున్నపు ధాతువు, మెగ్నీషియం, ఇనుము దండిగా ఉంటాయి. అది చివికి మన్నయితే బంకమన్నవుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. సత్తువగల మన్నే. కాని రాయి చివకాలంటే నీళ్ళు కావాలి. వాన లేనిచోట చివకడం నత్తనడకే. అందుకే సత్తువంతా రాతి లోపల తాళం వేసినట్టు ఉండిపోతుంది. పైన జానెడో మూరెడో మన్ను, దాంట్లో సగానికి సగం రాళ్ళు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఒక ఎకరంలో మూరెడు లోతు మన్నుంది. దాంట్లో సగం పాలు గట్టి రాళ్ళే అయితే, పదును నిలిచే మన్ను నిజానికి జానెడే. వేర్లకు తిండీ ఆ జానెడులోనే. కాగితం మీద రెండు ఎకరాలూ సమానమే, కడవ మాత్రం సగానిదే. రాయిలోనూ తేడాలున్నాయి. బుడగలు బుడగలుగా ఉన్న గుల్లరాయి కాస్త నీరు పీల్చుకుంటుంది. గట్టి నల్లరాయి చుక్క కూడా పట్టదు.

రెండోది సున్నం. వాన నీరు మన్నులోని సున్నాన్ని కరిగించుకుని కిందికి పోతుంది. వాన తక్కువైతే ఆ నీరు ఎంతో లోతుకు పోలేదు. అది ఎక్కడ ఆగుతుందో అక్కడే సున్నం పేరుకుంటుంది. రాళ్ళ అడుగున తెల్లటి పూతగా అంటుకుంటుంది, కొన్నిచోట్ల పలకలా గట్టిపడుతుంది. గుంట తవ్వినప్పుడు ఆ తెల్లపొర ఎంత లోతున ఉందో చూస్తే అక్కడ మామూలుగా వాన ఎందాకా దిగుతుందో తెలిసిపోతుంది. పలక గట్టిదైతే వేర్లు కూడా అక్కడే ఆగిపోతాయి. సున్నం ఎక్కువైతే వేసిన భాస్వరం ఎరువును పట్టేసుకుని పైరుకు అందనివ్వదు.

మూడోది పైనున్న రాళ్ళు. రాళ్ళన్నీ శత్రువులనుకోవద్దు. పైన పరుచుకున్న చిన్న రాళ్ళు వాన చినుకు దెబ్బను కాచుకుంటాయి, మన్ను చిమ్మి కొట్టుకుపోకుండా ఆపుతాయి. ఎండకు పదును ఆరిపోకుండా గొడుగు పడతాయి. రాళ్ళన్నీ పూర్తిగా ఏరేసిన వాలు చేలో మొదటి పెద్ద వానకే మన్ను లేచిపోవడం చాలామంది చూసే ఉంటారు. నాగలికి అడ్డమొచ్చే పెద్ద రాళ్ళు తీసి, వాలుకు అడ్డంగా వరస కట్టి, చిన్నవి ఉంచుకోవడం తెలివైన పని. ఏరినా ఏరినా రాళ్ళు మళ్ళీ మొలుస్తున్నాయని రైతులంటారు. అందులో నిజముంది. బంకమన్ను ఉబ్బి నెర్రెలిచ్చే ఊపుకు లోపలి రాయి పైకి తోసుకొస్తుంది. చలి కొండల్లో గడ్డకట్టే నీరు అదే పని చేస్తుంది. గాలీ వానా మెత్తటి మన్నును ఎత్తుకుపోతే రాళ్ళే మిగులుతాయి.

నాలుగోది వాలు. ఒకే కొండకు ఎండ ఎక్కువ పడే వైపు మన్ను పలచన, గడ్డి పలచన. నీడ వైపు పదును ఎక్కువ రోజులుంటుంది, గడ్డి దట్టం, మన్ను నలుపు. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు వాలుకు ఎండ ఎక్కువ. ఒకే సర్వే నంబరులో రెండు వైపులకూ రెండు విలువలుంటాయి.

అయిదోది నీటి దారి. లావా రాయి చల్లారేటప్పుడు బీటలు వారుతుంది. పడిన వాన ఆ బీటల్లోంచి లోపలికి జారిపోతుంది. అందుకే అరగాత్స్ లాంటి పెద్ద కొండ మీద పారే ఏళ్ళు తక్కువ. ఆ నీరంతా కొండ కిందనున్న మైదానంలో ఊటలుగా పైకొస్తుంది. అక్నలిచ్ చెరువు అలాంటి ఊటలతో నిండేదే, మెత్సమోర్ ఏటికి నీళ్ళిచ్చేదీ అవే. పైన గొర్రెల కాపరి దాహంతో ఉంటే, కింద తోటల యజమానికి నీళ్ళు పుష్కలం. కొండనూ మైదానాన్నీ విడదీసి చూడకూడదనడానికి ఇది సాక్ష్యం.

మేపితే ఎంత మేపాలి

ఇలాంటి నేల మీద దున్నకం కన్నా గడ్డే మేలు. గుబురు గడ్డి వేర్లు రాళ్ళ సందుల్లోకి దూరి ఉన్న కొద్ది మన్నునూ పట్టి ఉంచుతాయి. అవే చచ్చి కుళ్ళి మన్నుకు నలుపూ, సత్తువా ఇస్తాయి. కాకసస్ కాపరులు తరతరాలుగా వేసవిలో మందలను పైకి తోలి, చలికాలం కిందికి దింపుతూ వచ్చారు. పైగడ్డి తినే రోజుల్లో కింది గడ్డికి విశ్రాంతి, చలికాలంలో పైదానికి విశ్రాంతి. పట్టీల సిద్ధాంతం చదవకుండానే వాళ్ళు పట్టీల ప్రకారం బతికారు.

ఈ ఏర్పాటు చెడితే నేల చెడుతుంది. మంచి బీళ్ళను పెద్దవాళ్ళు కంచె వేసుకుంటే మందలన్నీ మిగిలిన గుట్ట మీద పడతాయి. గడ్డి మొదలంటా పోతుంది. డెక్కల తొక్కుడుకు మన్ను పొడవుతుంది. రెండు వానలకు అది వాగు పాలు. జానెడు మన్ను పోగొట్టుకోవడానికి కొన్నేళ్ళు చాలు. లావా రాయి మీద అది మళ్ళీ పుట్టాలంటే వేల ఏళ్ళు పడుతుంది. ఆ పాపం గొర్రెల కాపరి నెత్తిన వేసి, అతన్ని కూడా గుట్ట మీద నుంచి వెళ్ళగొట్టడం చాలా దేశాల్లో పాలకులకు అలవాటు. నేల చెడినప్పుడు మంద ఎంతని అడిగేవాళ్ళు, మందకు మిగిలిన చోటు ఎంతని కూడా అడగాలి.

మనిషి పోయాడు, శాస్త్రం నిలిచింది

1900లో ప్రియ శిష్యుడు సిబిర్త్సెవ్ క్షయతో చనిపోయాడు. దొకుచాయెవ్ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. చివరి రెండు మూడేళ్ళూ చీకటిలోనే గడిచాయి. 1903 నవంబరులో పీటర్స్‌బర్గ్‌లో కన్ను మూశాడు. అప్పటికి 57 ఏళ్ళు. మరుసటి ఏడు అక్కడ ఆయన సేకరణలతో నేలల మ్యూజియం తెరిచారు. ఆయన పేరుతో ఆ మ్యూజియం ఈనాటికీ ఉంది. అక్టోబరు విప్లవం తరువాత 1927లో నేలల పరిశోధనకు పెద్ద సంస్థ ఏర్పడింది, దానికీ ఆయన పేరే పెట్టారు. శిష్యుడు గ్లింకా రాసిన పుస్తకం జర్మన్ భాషలోంచి 1927లో ఇంగ్లీషులోకి పోయాకే అమెరికా శాస్త్రజ్ఞులు రష్యా పద్ధతిని గట్టిగా పట్టించుకున్నారు. 1941లో హాన్స్ యెన్నీ రాసిన ప్రసిద్ధ గ్రంథంలో నేల పుట్టుకకు చెప్పిన అయిదు కారణాలు దొకుచాయెవ్ వేసిన పునాది మీద కట్టినవే.

మన గుట్టల సంగతి

మనకు అరారత్ లేదు గాని లావా నేలలున్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ పీఠభూమి మీద పొంగి చల్లారిన లావా మహారాష్ట్ర దాటి తెలంగాణ పడమటి అంచుల్లోకి, ఆదిలాబాద్, నారాయణఖేడ్, వికారాబాద్ వైపులకు వచ్చింది. రాజమండ్రి పక్కన కాటేరు, పంగిడి దగ్గర కూడా ఆ రాయి బయటపడుతుంది. పడమటి తెలంగాణ లావా నేలల్లో దొకుచాయెవ్ చెప్పిన ఎత్తుపల్లాల లెక్క కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. గుట్ట నెత్తిన రాళ్ళూ మొరమూ, జానెడు మన్ను. వాలు మీద మూరెడు. కింద లోయలో నిలువెత్తు రేగడి. పుట్టింది ఒకే రాయి లోంచి. వానలు పై మన్నును కిందికి చేర్చాయి. మన ఊళ్ళ చరిత్ర లోయ మన్నును బలిసినవాళ్ళకూ, గుట్ట నెత్తిని కూలీలకూ చేర్చింది.

1973 భూసంస్కరణల చట్టం గుర్తుందా? 1975 జనవరి 1 నుంచి అది అమలైంది. ఒక కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు ఉంచుకోవచ్చని నేల తరగతిని బట్టి పరిమితి పెట్టారు. నేల ఎంత నాసిదని రాయించుకుంటే అన్ని ఎక్కువ ఎకరాలు మిగులుతాయి. మిగులు భూమిగా వదిలేటప్పుడు చాలాచోట్ల రాళ్ళగుట్టలనే వదిలారు. పేదలకు పట్టాలుగా వచ్చినవి ఎక్కువగా అవే. ఎకరాల లెక్కలో న్యాయం జరిగినట్టే ఉంటుంది. గుంట తవ్వి చూస్తే అన్యాయం బయటపడుతుంది.

కాబట్టి కార్యకర్తలు చెయ్యవలసిన పని ఒకటుంది. ఊళ్ళో భూమి పంపకం అన్నప్పుడు, నష్టపరిహారం అన్నప్పుడు, గట్టు మీద నిలబడి ఎకరాలు లెక్కపెట్టి రావద్దు. ఒక గడ్డపార పట్టుకుపోండి. నాలుగు చోట్ల నడుం లోతు గుంటలు తవ్వండి. మన్ను ఎంత లోతు, దాంట్లో రాళ్ళు ఎన్ని పాళ్ళు, తెల్లపొర ఎక్కడుంది, వేర్లు ఎందాకా పోయాయి, వాలు ఎటు, నీళ్ళు ఎటు పోతున్నాయి, ఈ ఆరూ రాసుకోండి. పక్కనే దొర పొలం గట్టున మరో గుంట తవ్వి పోల్చండి. ఆ ఊరి ముసలి కూలీలను అడిగి ప్రతి మన్నుకూ వాళ్ళు పెట్టుకున్న పేరు రాసుకోండి. రాళ్ళ పట్టా దక్కినవాళ్ళకు వాలు మీద రాళ్ళ కట్టలు వేసుకోవడానికి ఉపాధి పనుల్లో కూలి అడగండి. జొన్నకూ కందికీ సరిపోని చోట గడ్డీ, మేత చెట్లూ పెంచుకునే హక్కు అడగండి. ఆ రాతలన్నీ మీ సంతకాలతో తహసీల్దారు ముందు పెట్టి, జానెడు మన్నుకూ నిలువెత్తు మన్నుకూ ఒకే ఎకరం లెక్క ఎలా కట్టారో చెప్పమనండి.